నల్లంగీల జట్టు మళ్లీ కలిసిన ఆదివారం

మొన్న ఆదివారం మధ్యాహ్నం కల్లూరులో అన్నం తింటుంటే పక్కింటి టీవీలోంచి గంట మోగింది. కుస్తీ మొదలయ్యేటప్పుడు కొట్టే గంట. వెనకాలే జనం కేకలు. నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఎందుకాగిందని అడగడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. నాగరత్నమ్మవ్వ ఉండుంటే, అన్నం ఎక్కడికీ పోదు, ముందు వచ్చి కూర్చోమని కేకేసేది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకొస్తున్న రోజులు. డోన్‌లో ఒక లారీ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగా చేరి, అవ్వ వాళ్ల మేడమీది గది అద్దెకు తీసుకున్నాను. ఊళ్లో నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. మొదటి ఆదివారమే కింది నుంచి పిలుపొచ్చింది. "ఏమప్పా, ఒక్కనివే పైన ఏం చేస్తాండావు? రా, కుస్తీ వస్తాండాది!" దిగి చూద్దును కదా, అరవై దాటిన ఇంటావిడ నాగరత్నమ్మవ్వ, ఒళ్లో కందిపప్పు చాట, కళ్లేమో టీవీలో తొడలు చరుచుకుంటున్న అమెరికా వస్తాదుల మీద. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె నావైపు చూడనైనా లేదు.

వాళ్ల ఇంగ్లీషు అవ్వకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని పేర్లూ ఆమే పెట్టింది, కథా ఆమే చెప్పేది. నల్లంగీలు వేసుకునే నలుగురి జట్టంటే ప్రాణం. పెద్దాయన, మీసాలోడు, జడలోడు, చిన్నోడు. నాకేమో తాళ్లమీద నుంచి ఎగిరి పల్టీలు కొట్టే కొత్తవాళ్లు ఇష్టం. ఆ మాటంటే చాలు, చాట పక్కన పెట్టేసేది.

"అహోబిలంలో కోతులు గూడా ఎగురుతాయప్పా. అది కుస్తీనా? ఇప్పుడోళ్లు కొట్లాడేది తక్కువ, మైకు పట్టుకోని కూసేది శానా."

"నలుగురు కలిసి ఒకణ్ణి కొట్టడమేనా మగతనం అవ్వా?"

"కొట్టేది గాదు, సూడు. ఒకడు కింద పడితే ముగ్గురు చేతులు అందిస్తాండారు. అది సూడు."

ఆమె భర్తా, ముగ్గురు మరుదులూ కలిసి నడిపిన కిరాణా అంగడి నాలుగు ముక్కలైందట. భర్త పోయాక ఆ మూడిళ్లవాళ్లూ ఈ గడప తొక్కలేదు. ఈ సంగతి నాకు ఎదురింటివాళ్లు చెప్పారు. అవ్వ మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. ఎవరి మనిషి ఓడిపోతే వాళ్లు గెలిచినవాడి గురించి ఒక మంచిమాట చెప్పాలి. చెప్పాకే టీ. మనసులో లేని మాట చెబితే అవ్వ ఇట్టే పట్టేసేది, గ్లాసు వెనక్కి లాక్కునేది. టీ కోసం నేను వెతికి వెతికి మంచి మాటలు నేర్చుకున్నాను.

అమెరికాలో జరిగిన ఆట మన టీవీలోకి కొన్ని రోజులు ఆలస్యంగా వచ్చేది. వాదనలో గెలవాలన్న కక్కుర్తితో ఒకసారి నెట్ సెంటర్లో ముందే చూసొచ్చి, "ఈరోజు చిన్నోడు పెద్దాయన్ని వెన్నుపోటు పొడుస్తాడు, కాసుకో అవ్వా" అన్నాను. అలాగే పొడిచాడు, జట్టు చెదిరిపోయింది. అవ్వ టీవీని వదిలి నన్ను చూసింది.

"ముందే సూసొచ్చినావా?"

తలూపాను. టీవీ కట్టేసింది. "ఇంగ నీతో ఏం మాట్లాడేది? పో."

మూడు ఆదివారాలు పిలుపు లేదు. ఆ మూడు వారాలు నాకు డోన్ మళ్లీ పరాయి ఊరైపోయింది. నాలుగో వారం సిగ్గు విడిచి మెట్లమీద కూర్చున్నాను. లోపల అవ్వ ఒక్కతే వాదిస్తోంది. "ఎగిరేదే మేలంటావా? సర్లే, ఆ వయసుకు అదీ చెయ్యల్లగదా." అది నా పక్షం! నా మాటలు కూడా ఆమే మాట్లాడుతోంది. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"నీ వంతు గూడా నేనే మాట్లాడి నోరు నొస్తాంది. కూసో," అంది. "ఏం జరుగుతాదో తెలీనప్పుడే గదప్పా పక్కన మనిషుండల్ల. అన్నీ తెలిసినోనికి నేనెందుకు?" ఇంకెప్పుడూ ముందుగా చూడనని ఒట్టేశాను.

తర్వాత మా యజమాని నన్ను కడప బ్రాంచికి పంపాడు. ఆదివారాలు ఫోన్లో వాదించుకునేవాళ్లం. ఒక శుక్రవారం కర్నూలు ఆసుపత్రి నుంచి చేసింది. రేపు గుండె ఆపరేషనంట. గొంతు సన్నగా ఉంది.

"ఒక మాటడుగుతా. నల్లంగీలోళ్లు మళ్లా కలుస్తారాప్పా? సూసి చెప్పు."

నాకు తెలుసు. ఆ పొద్దునే, ఒట్టు తప్పి, నెట్ సెంటర్లో చూశాను. నలుగురూ కలిశారు. దొంగతనం బయటపడుతుందని భయమేసింది. నన్ను పరీక్షిస్తోందనీ అనుకున్నాను. "నాకేం తెలుసవ్వా, చూడలేదు. నువ్వు లేచి రా, ఆదివారం చూద్దాం," అన్నాను.

"కానీలేప్పా. ఒట్టు నిలబెట్టుకున్నావు," అని చిన్నగా నవ్వింది. అదే ఆఖరి మాట. ఆపరేషను గది నుంచి బయటికి తెచ్చాక ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు. ఆదివారం కడపలో నా గదిలో, ఆ నలుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకెత్తుతుంటే, నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఇప్పుడు ఫలితాలు అడక్కుండానే ఫోన్లోకొస్తాయి. ఆట చూసేదాకా ఫోను తెరవను. అవ్వ వంతు వాదిస్తాను, నా వంతు వాదిస్తాను, గెలిచినవాడికి ఒక మంచిమాట చెప్పి టీ పెట్టుకుంటాను. మొన్న కూడా కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, టీవీ పెట్టాను. అయితే అన్నిటికంటే ముందు, వాదన మొదలుకాకముందే, ప్రతి ఆదివారం అవ్వకు నేను చెప్పే మాట ఒకటుంది. అదీ అన్నాను.

"కలిసినారవ్వా. నలుగురూ కలిసినారు."