వంకర అక్షరాల బొమ్మ

మా పక్కింటి బాబాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఒక పెద్ద ఆస్పత్రిలో ముప్పయ్యేళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో పిన్ని పిలిచినా "చెప్పండి, ఎవరు కావాలి?" అనేవాడు. "నువ్వే కావాలి, ఇంకెవరు దొరుకుతారు!" అనేది పిన్ని.

మహమ్మారి రోజుల్లో అందరూ దూరం పాటించమన్నారు. బాబాయికి దారి తెలిసేది చేతితోనే: గోడ, మెట్ల కమ్మీ, ఎవరో ఒకరి భుజం. ఆ భుజాలన్నీ ఒక్కసారిగా పక్కకు జరిగిపోయాయి. కిరాణా కొట్టు ముందు సున్నంతో గీసిన వలయంలో నిలబడలేదని ఎవరో ఆయన్ని కసిరారు.

తర్వాత టీకా వచ్చింది. ఫోనులో పేరు నమోదు చేసుకోవాలన్నారు. బాబాయి ఫోను తెరమీది మాటల్ని పైకి చదువుతుంది కనుక పేరు, వయసు, చిరునామా గబగబా కొట్టేశాడు. చివరికొచ్చేసరికి ఒక బొమ్మ. అందులోని వంకరటింకర అక్షరాలు చూసి కొడితేగాని, కొట్టేది మనిషని ఆ సైటు నమ్మదట. బొమ్మను ఫోను చదవలేదు.

"నేను మనిషినో కాదో చెప్పడానికి కళ్లుండాలా?" అన్నాడు.

"ఇటివ్వండి బాబాయ్, క్షణంలో కొట్టేస్తాను" అన్నాను.

పిన్ని పేరు నాచేత నమోదు చేయించాడు గాని, తనది మాత్రం వద్దన్నాడు.

"నాకు నువ్వున్నావమ్మా. పక్కింట్లో నువ్వు లేనివాడి సంగతేంటి?"

పిన్ని మండిపడింది. "ముందు ఆ సూది వేయించుకుని, తర్వాత లోకాన్ని ఉద్ధరించు!"

ఆయన వినలేదు. మర్నాటి నుంచి రోజూ ఆరోగ్య శాఖ ఆఫీసుకు ఫోను చేశాడు. అయిదో రోజుకు అధికారి లైన్లోకి వచ్చాడు.

"మీలాంటివాళ్లు ఎంతమంది ఉంటారండీ?"

"మీరు పేరు రాయించుకోనిస్తే కదా సార్, ఎంతమందిమో మీకు తెలిసేది!"

"చూస్తాం" అని పెట్టేశాడు.

బాబాయి ఊరుకోలేదు. చూపులేని పాత స్నేహితులందరికీ ఫోన్లు చేశాడు. వాళ్లూ ఆ ఆఫీసుకు చేయడం మొదలుపెట్టారు. అందరూ ఆయనలాగే ఆపరేటర్లుగా ఫోను మీద బతికినవాళ్లే. ఎంతో మర్యాదగా మాట్లాడతారు, లైను మాత్రం వదలరు. మూడో వారంలో అధికారే తిరిగి ఫోను చేశాడు. మాటతోనే పేరు రాయించుకునే నంబరు ఒకటి పెట్టారట. టీకా కేంద్రం గేటు దగ్గర చెయ్యి అందించడానికి ఒక మనిషినీ నిలబెట్టారట.

బాబాయి తన పేరు తానే చెప్పి రాయించుకున్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వు ఆపుకోలేకపోయాడు.

సూది పడ్డాక రెండు రోజులు జ్వరం. పిన్ని నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ, "పంతం పట్టి మరీ తెచ్చుకున్న జ్వరం కదా, బాగా అనుభవించు" అంది. చెయ్యి మాత్రం ఆయన తలమీంచి తియ్యలేదు.