ఇంటామె పేరు

మొన్న మా చిన్నవాడు టీ తాగుతూ తాగుతూనే ఫోనులో జీవిత బీమా తీసుకున్నాడు. కప్పు కింద పెట్టేలోపే పాలసీ వచ్చేసింది. నామినీ దగ్గర ‘భార్య’ అన్న మాట మీద వేలు పెడితే కోడలి పేరు దానంతటదే వచ్చి కూర్చుందట. వంటింట్లో చపాతీలు చేస్తున్న ఆ పిల్లకు ఈ సంగతి నేను చెప్తేనే తెలిసింది. “గట్లనా అత్తమ్మా, మంచిదే గద” అని మళ్లీ పిండిలో చెయ్యి పెట్టింది. నాకు మాత్రం మా ఆయన గుర్తొచ్చాడు.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఎనభైలలో బీమా ఏజెంటు గుమ్మంలోకి వస్తే చావు కబురు తెచ్చినవాణ్ని చూసినట్టు చూసేవారు. మా ఆయన బోధన్‌లో ఆ పనే చేసేవాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని, చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే చెరుకు బండ్లకు ఎదురుగా, ఆ తీపి పులుపు వాసనలో చందూర్ వైపు పోయేవాడు. ఏ ఇంటికి పోయినా ఆయన బయట మంచం మీద కూర్చుంటే నేను నేరుగా పొయ్యి దగ్గరికి, ఆడవాళ్ల దగ్గరికి పోయేదాన్ని. సగం పాలసీలు నా మాటల వల్లే కుదిరాయని ఇప్పటికీ అంటాను, కాదనడానికి ఆయన లేడు.

ఆయనకొక పట్టింపు ఉండేది. నామినీ పేరు పాలసీ తీసుకునే మనిషి తన నోటితోనే చెప్పాలి, పిల్లల్ని అడిగి రాసేవాడు కాదు. ఎవరి కోసం కడుతున్నాడో ఒక్కసారి నోరారా చెప్పినవాడు మధ్యలో మానేయడని ఆయన నమ్మకం. మన దిక్కు మగవాళ్లు ఆ రోజుల్లో ఇంటామెను పేరు పెట్టి పిలిస్తే కదా! అందులోనూ కన్నతల్లి ముందర!

చందూర్‌లో ఒక చెరుకు రైతు అన్నిటికీ ఒప్పుకుని పేరు దగ్గర ఆగిపోయాడు. “పిలగాని అవ్వ అని రాయి సారూ” అన్నాడు. ఈయన కలం మూసేశాడు. రైతు తువ్వాలు దులుపుకుని లేచి చేను వైపు నడిచాడు. లోపల అతని భార్య, చంకలో పిల్లాడు, కడుపులో ఇంకొకరు, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తండ్రి పోయాక తన తల్లి పడ్డ పాట్లు కళ్లారా చూసిన పిల్ల. “అక్కా, సారు రాయకుండనే పోతడా? ఇయ్యాల పోతే గాయన మల్ల ఒప్పుకోడు” అని ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయి, బయటికొచ్చి, నీ పట్టుదలకు ఈ పిల్ల కొంప ముంచుతావా అని మా ఆయనను అందరి ముందే దులిపేశాను. ఇంతలో గడప మీద కూర్చున్న రైతు తల్లి కొడుకును కేకేసింది. “మీ బాపు ఒక్కనాడన్న నా పేరు పిల్వకుండనే పాయె. నువ్వన్న సెప్పురా!”

అతను వెనక్కి వచ్చి, తల వంచుకుని, మెల్లగా చెప్పాడు. లోపల ఆ పిల్ల కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మరి నా పేరెప్పుడు చెప్తావని తిరుగుదారిలో వెనకనుంచి పొడిచాను. తన పాలసీ తానే రాసుకున్నాడు, అందుకని తప్పించుకున్నాడు మహానుభావుడు! నవ్వి మోపెడ్ వేగం పెంచాడు. నేను ఆయనకు ఎప్పుడూ ‘ఇదిగో’నే.

రెండు వేల సంవత్సరం దాటాక నిజామాబాద్ ఆఫీసులో పాత పాలసీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించసాగారు. నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు; ఆయన సొంత పాలసీ వంతు వచ్చినప్పుడు కౌంటరులోని అమ్మాయి తల ఎత్తకుండానే నామినీ పేరు అడిగింది. ఆయన నా వైపు చూశాడు. నేను చెప్తానా? చెప్పలేదు. ఏదో గొణిగాడు. వినపడలేదు సార్, ఇంకోసారి చెప్పండి అంది, ఆ తల్లి కడుపు చల్లగుండ! ఈసారి ఆఫీసంతా వినేలా చెప్పాడు. బోధన్ దాకా బస్సు కిటికీలోంచి చూస్తూ నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

ఆయన పోయాక బీమా తరఫున ఎవరూ ఇంటికి రాలేదు. డబ్బు నేరుగా ఖాతాలో పడింది, ఫోనుకు సందేశం వచ్చింది. తిరిగే పని తప్పింది, దాన్ని తప్పుపట్టను. ఆ సందేశంలో నా పేరు ఒక్క తప్పు లేకుండా ఉంది, ఇంతవరకు చెరపలేదు. మా చిన్నవాడు పెళ్లాన్ని రోజంతా పేరు పెట్టే పిలుస్తాడు, వాళ్లకు ఆ కొరత లేదు. నాకే, ఆ కౌంటరు ముందు మళ్లీ ఆయన పక్కన నిలబడి, వినపడలేదు, ఇంకోసారి చెప్పండి అని ఈసారి నేనే అడగాలని ఉంటుంది.