పసుపు చేప తోక అంచు

పిల్లల పళ్ళ ఆసుపత్రి ముందుగదిలో గోడ పొడవునా ఉప్పునీటి చేపల తొట్టె ఉంది. దాన్ని వారానికి రెండుసార్లు వచ్చి శుభ్రం చేసే ఆవిడను అక్కడివాళ్ళు చేపల డాక్టరమ్మ అంటారు. ఆ పేరు వింటే ఆవిడకు లోలోపల గర్వంగానే ఉండేది. పని నేర్పిన మేనమామ చూపు మసకబారి ఇంటిపట్టున ఉండిపోయాక, ఆయన తొట్లన్నీ ఆవిడ చేతికొచ్చాయి.

ఒక సోమవారం పసుపు చేప తోక చివర చిరిగి కనిపించింది. కొత్తగా తెచ్చి వేసిన నీలం చేప దాని వెంటపడటం ఆవిడ అంతకుముందు చూసే ఉంది. ఇంకేముంది, నేరం ఖాయమైపోయింది. నీలం చేపను పట్టి ఇంటికి తీసుకుపోయి వేరే తొట్టెలో వేసింది.

"పోట్లాట మామయ్యా, విడదీసేశాను. తగ్గిపోతుంది" అని ఫోన్లో ధీమాగా చెప్పింది.

గురువారం వచ్చి చూసేసరికి తోక సగం లేదు. పక్క రెక్క పీలికలైంది. చేప రాతి వెనక నక్కి, మేత వేసినా కదల్లేదు. కొరికేది ఇంట్లో ఉంటే ఇక్కడ కొరుకుతున్నదెవరు?

"డాక్టర్ గారు తీసేయమన్నారండీ, చచ్చిన చేప పిల్లల కంటపడితే బాగుండదట" అంది రిసెప్షన్ అమ్మాయి మెల్లగా.

"ఇంకా చావలేదుగా!" అని కసిరి, ఆవిడ మళ్ళీ మామయ్యకు ఫోన్ చేసింది.

"అంచు ఎలా ఉంది? కత్తిరించినట్టుందా, నానిన కాగితంలా ఉందా?"

"చిరిగినట్టే ఉంది మామయ్యా."

"ఏ వెలుతురులో చూశావు?"

తొట్టె మీద అందం కోసం పెట్టిన నీలి దీపం వెలుగుతోంది. ఆవిడ దాన్ని ఆర్పి, టార్చి వేసి చూసింది. అంచు వెంబడి తెల్లటి నూగు. రెక్క మొదట్లో ఎర్రటి చారలు. చూసింది చెబుతూ ముక్కు ఎగబీల్చింది.

"కుళ్ళు పట్టిందమ్మా. మొదలుదాకా తినేస్తే ఇక మొలవదు. తర్వాత ఏడుద్దువు గాని, ముందు దాన్ని బయటికి తియ్యి."

పెద్ద తొట్టెలో మందు కలిపితే నీటిని శుభ్రంగా ఉంచే మంచి క్రిములూ చస్తాయి. అందుకని ఇంట్లో భోజనాల బల్ల మీద ఖాళీ గాజుపెట్టె పెట్టింది. అదే ఉప్పు, అదే వెచ్చదనం, గాలిబుడగలు, దాక్కోడానికి ఒక గొట్టం ముక్క. మందు చుక్కలు లెక్కపెట్టి వేసింది. రోజూ కొంత నీరు మార్చి, తీసిన నీటితో పోయినంత మందూ మళ్ళీ కలిపింది. అన్నం ముందు కూర్చున్నా చూపు పెట్టె మీదే.

ఆసుపత్రి తొట్టెలో నీరు పరీక్షిస్తే మురికి హద్దు దాటి ఉంది. ఆరా తీస్తే పొద్దున రిసెప్షన్ అమ్మాయి, సాయంత్రం వాచ్‌మన్, ఒకరికి తెలియకుండా ఒకరు మేత వేస్తున్నారు; మిగిలిన మేత నీటిలో కుళ్ళి చేపకు తెగులు తెచ్చింది.

"ఆ పసుపు చేప నన్ను చూస్తే ఆకలితో వచ్చేదమ్మా" అన్నాడు వాచ్‌మన్.

"అది అందరి దగ్గరికీ అలాగే వస్తుందయ్యా!"

అతన్ని ఏమని తిడుతుంది? రెండు వారాలుగా నీటి పరీక్ష చేయనిది తనే.

మూడు రోజులు చేప మేత ముట్టలేదు. ఐదో రోజు ఒక్క నాచు ముక్క కొరికింది. ఎనిమిదో రోజు తోక అంచున పల్చటి పొర కనబడేసరికి ఆవిడ వెంటనే ఫోన్ అందుకుంది.

"మళ్ళీ మొదలైంది మామయ్యా!"

"తెల్లగా ఉందా, గాజులా ఉందా?"

"గాజులా."

"అయితే కొత్త రెక్కే. రంగు తర్వాత వస్తుంది."

ఆవిడ కుర్చీ లాక్కుని పెట్టె ముందు కూర్చుంది. అప్పుడంది: "మొదటిరోజు నేను సరిగా చూడలేదు మామయ్యా."

"తెలుసులే. చూసినదానివైతే అంత గట్టిగా చెప్పేదానివి కాదు."

నెల దాటాక పసుపు చేపను ఆసుపత్రికి తెచ్చి వదిలింది. పక్క రెక్క కాస్త కురచగానే మొలిచింది, మలుపు తిరిగేటప్పుడు ఒళ్ళు ఒరుగుతుంది. డాక్టరు గదిలోంచి వచ్చి గాజులోకి వంగి చూశారు.

"బాగైపోయినట్టేనా?"

"ఇంకో నెల చూశాక చెబుతానండీ" అందావిడ, చేప మీదినుంచి చూపు తిప్పకుండా.