అక్క ఎక్స్‌రే ఫిల్ములోంచి చూసిన గ్రహణం

24 అక్టోబర్ 1995, మంగళవారం, కల్వకుర్తి. ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, నా భార్య, వెనక అర్రలో మా అక్క. డాబా మీద నాతోపాటు పక్కింటి దర్జీ సాబ్.

ఆనాటి డైరీ ఇలా మొదలవుతుంది. అక్కకు దవడ లోపల క్యాన్సర్. పన్నెండు రోజుల కిందట హైదరాబాదు దవాఖానలో డాక్టరు ఆమె నరంలోకి కొత్తరకం మందు ఎక్కించాడు. రెండు రోజులయ్యాక నోట్లోకి నీలం దీపం పట్టి నన్ను చూడమన్నాడు. చుట్టూ మసకగా ఉంది, పుండు మాత్రం నిప్పులా ఎర్రగా వెలిగింది. మరో దీపం పెట్టి దాన్ని కాల్చాడు. వెలుగు తగిలితేనే ఆ మందు పనిచేస్తుందట. "ఒంట్లో ఇంకా మిగిలే ఉంటుంది. నెల రోజులు ఎండ తగలనివ్వొద్దు" అన్నాడు. రాత్రి బస్సులో తీసుకొచ్చి, అర్ర కిటికీకి గోనెసంచులు కొట్టాను.

ఆ పొద్దున సూర్యగ్రహణం. నా భార్య వంటింటి తలుపు మూసుకుని కూర్చుంది. గల్లీలో మనిషి లేడు. అర్రలోంచి అక్క పిలిచింది.

"తమ్మీ, ఇయ్యాల సూర్యుడే ఉండడు గద. జర బయటికొస్త."

"వద్దక్కా. గ్రహణం పట్టినా ఎండ ఎండే."

"బొంద పెట్టినట్టున్నదిరా నాకు."

చీకటి పడ్డాక తిప్పుతానని చెప్పి డాబా ఎక్కాను. అర్ర తలుపుకు గొళ్లెం పెట్టలేదు. సూర్యుణ్ణి చూడడానికి నల్లటిదేదైనా కావాలి కదా, అక్క దవడ ఎక్స్‌రే ఫిల్ము తీసుకెళ్లాను. దర్జీ సాబ్ దాన్ని గుంజుకుని కంటికి పెట్టుకున్నాడు.

"అరె సారూ, మీ అక్క పండ్ల నడుమ సూర్యుడు ఇరుక్కున్నడు! ఇగ మింగుతదా, ఉమ్మేస్తదా?"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను కిందికి చూశాను.

బూడిదరంగు వెలుతురులో, గల్లీ నడుమ అక్క నిలబడి ఉంది. కళ్లు మూసుకుని ముఖం పైకెత్తింది. ఏడాదిగా ఆ ముఖం అంత నెమ్మదిగా ఉండగా చూడలేదు. నేను పిలవలేదు. చివరికి "అక్కా, లోపలికి పో!" అని అరిచింది దర్జీ సాబే. గ్రహణం పట్టిన వేళ, విడిచిన వేళ నిమిషాలతో సహా డైరీలో ఉన్నాయి. నేను ఎంతసేపు ఊరుకున్నానో లేదు.

మర్నాడు పొద్దున చాయ్ తీసుకుని అర్రలోకి వెళ్లాను. అక్క ముఖమంతా ఉబ్బింది. బుగ్గల మీద నీటిబొబ్బలు. రెప్పలు విచ్చుకోవడం లేదు.

"తమ్మీ, తెల్లారిందా?"

"తెల్లారింది."

దవాఖానకు పోవాలంటే మళ్లీ ఎండలోకే. దర్జీ సాబ్ వాళ్లింటామె బురఖా తెచ్చిచ్చాడు. దాన్ని తల మీదుగా దించుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నిన్న నీ నవ్వు ఆగింది. గప్పుడే చూసినవా నన్ను?"

"లేదక్కా" అన్నాను. ఏడు గంటల బస్సు ఎక్కాం.