ఒక్క తూటా చాలు

కెల్లీవిల్‌లో స్థిరపడ్డ మజీద్ కంప్యూటర్‌లో ఎంటర్ నొక్కేముందు కూడా పెదాల్లోనే ‘బిస్మిల్లా’ అని దేవుణ్ణి తలుచుకుంటాడు. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న రెండువేల సంవత్సరం గండానికి భయపడి ఆఫీసంతా పరుగులు పెట్టిన రోజుల్లోనూ ఆ పెదాలు తొందరపడలేదు. తొందరపడింది ఒక్కసారే, వేటలో. మొదటి గురి తప్పేసరికి, అరువు తెచ్చిన రైఫిల్‌తో దేవుడి పేరు తలవకుండానే రెండో తూటా పేల్చేశాడు. జింక పడింది. హలాల్ కాదని ఆ మాంసమంతా స్నేహితుడు భానుకిచ్చేసి, ఖాళీ ఐస్‌పెట్టెతో ఇల్లు చేరాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం తుపాకుల దుకాణానికి వెళ్లి, మధ్యలో మడిచి ఒకే తూటా పెట్టే రైఫిల్‌ను తెరిచి, గొట్టంలోంచి వెలుతురు చూసి, తిరిగిచ్చేస్తున్నాడు. ఈ శనివారం భాను కూడా వెంట వచ్చాడు.

“ఐదు తూటాల మోడల్ తీస్కో భాయ్. ఇది మిస్సయితే జింక నీకోసం వెయిట్ చేస్తదా?”

మజీద్ పెదాలు కదిలాయి. రైఫిల్‌ను టక్కున మూసి, ఈసారి తిరిగివ్వకుండా పర్సు తీశాడు.

“జింక పోతే పోనీ భానూ. మళ్ల లోడ్ చేసేలోపు నాకు అల్లా పేరు గుర్తొస్తది.”