బ్రెఫో చేరవేయని ప్రసంగం

సైన్యాధిపతులు దేశాధ్యక్షులైన కథలు చాలా చదివాను. ఓడల్లో చదివాను, లారీల మీద చదివాను, ఒకసారి మలేరియాతో ఆసుపత్రి మంచం మీదా చదివాను. అన్నింట్లో యుద్ధాలూ పతకాలూ ఉంటాయి. వాళ్ళ మాట ఎవరు వినలేదో మాత్రం ఉండదు. జనరల్ ఒవిరెడు చరిత్రలో "స్వగ్రామంలో ఘనస్వాగతం" అని ఒక్క ముక్క ఉంది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. అందుకే యావ్ బ్రెఫో గురించి రాస్తున్నాను.

బ్రెఫోకి చిన్న కోకో తోట, ఆరుగురు పిల్లలు, తాటికల్లంటే ప్రాణం. మా ఊరు అసెంకురొమ్‌లో రాజుతో ఎవరూ నేరుగా మాట్లాడరు. బంగారు రేకు తొడిగిన కర్ర పట్టుకుని పక్కన నిలబడే బ్రెఫోకి చెప్పాలి, ఆయన రాజుకి విన్నవిస్తాడు. ఆయన చెప్పని మాట రాజు విన్నట్టు కాదు. చెప్పుకునేవాడు ముందు కాళ్ళకున్నవి విడవాలి. ముప్పై ఏళ్ళుగా ఆ కర్ర బ్రెఫోదే.

ఒవిరెడు ఆయనతో బడిలో చదివినవాడే. సార్జెంటుగా వచ్చినప్పుడు బూట్లు విప్పాడు, మేజరై వచ్చినప్పుడూ విప్పాడు. తిరుగుబాటు చేసి, రేడియో స్టేషన్ పట్టుకుని అధ్యక్షుడయ్యాక మాత్రం ముందుగా కబురంపాడు: విప్పేది లేదు.

రాజుని మేం "నానా" అంటాం. ఆయన బ్రెఫోని పిలిచి బతిమాలాడు.

"మనకు రోడ్డు వేస్తాడట. ఒక్క పూట సర్దుకుపోరాదూ?"

"ఇవాళ సర్దుకుంటే రేపు వాడి డ్రైవరూ బూట్లతోనే వస్తాడు నానా."

"కర్ర లాక్కుంటారయ్యా. నిన్ను లోపలేస్తారు."

"లాక్కోనీండి. నేనై మాత్రం ఇవ్వను."

మర్నాడు జనరల్ రాజు ముందు బూట్లతోనే నిలబడి పావుగంట మాట్లాడాడు. బ్రెఫో నోరు మెదపలేదు. ఏమీ విననట్టే రాజు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. డప్పు మోగలేదు, చప్పట్లు లేవు. చేపలమ్మే ఆవిడ మాత్రం ఆగలేక, "పాపం, కాళ్ళకి పుళ్ళేమోనమ్మా!" అంది. జనం గొల్లుమన్నారు.

"ఒరేయ్ బ్రెఫో, చెవుడొచ్చిందా? చెప్పు రాజుకి!"

"విప్పు, చెబుతా."

"నేను ఈ దేశాధ్యక్షుణ్ణిరా!"

"అయ్యుండొచ్చు. మేజరువై వచ్చినప్పుడు నీ ప్రతి మాటా చేర్చానా లేదా? ఇప్పుడూ చేరుస్తా. విప్పు."

జనరల్ సైగ చేశాడు. సిపాయిలు బ్రెఫో వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి కర్ర లాక్కుని, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న టవియా చేతిలో పెట్టారు. ముప్పై దాటని మనిషి. కర్ర కొస నేల మీద టకటకా కొట్టుకుంటోంది.

"నువ్వు చెప్పు," అన్నాడు జనరల్.

టవియా బూట్లకేసి చూశాడు. తల వంచుకుని అలాగే నిలబడ్డాడు.

జనరల్ జీపెక్కాడు. బ్రెఫోని వెనక లారీలోకి తోశారు. టవియాను ఎందుకు వదిలేశారో నాకిప్పటికీ తెలియదు. ఇద్దర్ని పట్టుకెళితే నవ్వులపాలవుతామనుకున్నారేమో.

రోడ్డు రాలేదు. పదకొండు నెలలకు బ్రెఫో ఓ చెవి వినబడక, కుంటుతూ తిరిగొచ్చాడు. టవియా పరుగున వెళ్ళి కర్ర చేతికివ్వబోయాడు.

"వద్దురా. ఆ రోజు నాకంటే నువ్వే ఎక్కువ భయపడ్డావు. అయినా నోరు విప్పలేదు. నీ దగ్గరే ఉండనీ."