కల్వర్టు కింది గొంతు

కర్ఖేలి నుంచి ధర్మాబాద్‌కు కిరాయి జీపు నడిపే నాగనాథ్, 2002 దీపావళి వెళ్లిన వారానికే జీపు తాళంచెవి యజమాని చేతిలో పెట్టేశాడు. ధర్మాబాద్‌లోని మిరపకారం పట్టే గిర్నీలో పనికి కుదిరి, వెళ్లిరావడానికి సైకిల్ కొనుక్కున్నాడు. ఊరు నవ్వింది. అసలు కారణం భార్య భీమవ్వకు ఒక్కదానికే తెలుసు.

ఆ జీపు డీజిల్‌లో కిరోసిన్ కలిపి నడిపేవాళ్లు. వెనక నల్లగా పొగ చిమ్మేది. బడికి నడిచిపోయే పిల్లలు దాని చప్పుడు వినగానే ముక్కులు మూసుకుని చేనువైపు తిరిగి నిలబడేవాళ్లు. అద్దంలో అతను రోజూ చూసేదే. ఒక పొద్దున ఆ వీపుల మధ్య తన కూతురు ప్రణాలి రెండు జడలు కనిపించాయి. మరుక్షణమే పొగలో పిల్ల మాయమైంది.

"నా బండి పొగ నా బిడ్డనే మింగవట్టె. ఇగ నాతోని కాదు," అన్నాడు ఆ సాయంత్రం భీమవ్వతో.



సైకిల్ మీద దారి కొత్తగా ఉంది. ఇన్నాళ్లూ ఇంజిన్ మోత కింద అణిగిపోయిన చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఎండిన పత్తికట్టెల గలగల, ఎక్కడో పంపు నీళ్లు పడే చప్పుడు. చలికాలం మొదలయ్యాక ఒకనాడు పొద్దు వాలుతుండగా, సగం దారిలో ఉన్న కల్వర్టు దగ్గర ఎవరో పిలిచారు.

"కాకా... ఓ కాకా!"

ఆడపిల్ల గొంతు. సైకిల్ ఆపి కిందికి దిగి చూశాడు. తుమ్మకంప, పొడి ఇసుక తప్ప ఏమీ లేదు. ఇసుక మీద అడుగుజాడ కూడా లేదు.

మర్నాడూ అదే. ఆ తర్వాతా అదే. రెండుసార్లు పిలిచి ఆగిపోయేది. భీమవ్వతో చెబితే ఆమె ముఖం పాలిపోయింది.

"పలుకకు. మనిషైతె మూడోసారి సుత పిలుస్తది. గాలి అయితె రెండుసార్లే."

ఇప్పుడు ఆ జీపు నడుపుతున్న ఉమేశ్‌ను అడిగాడు. అతను నవ్వి, జీపు ఎక్కించుకుని కల్వర్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంజిన్ మోగుతున్నంతసేపూ ఏమీ లేదు.

"బంద్ చెయ్యి," అన్నాడు నాగనాథ్.

ఇంజిన్ ఆగింది. పొగ నెమ్మదిగా చేల మీదికి జారిపోయింది.

"కాకా... ఓ కాకా!"

 ఉమేశ్ గబగబా తాళంచెవి తిప్పి జీపు వెనక్కి మళ్లించాడు. ఊళ్లోకి వచ్చాక మాత్రం, "నాకైతె ఏం ఇనవడలే కాకా," అని దిగిపోయాడు.

జీపులో పొమ్మని భీమవ్వ బతిమాలింది. నాగనాథ్ వినలేదు. ఆ చోటికి వచ్చేసరికి తల వంచుకుని, పెడల్ గట్టిగా తొక్కి దాటిపోయేవాడు. 

హోలీకి ముందు ఒక సాయంత్రం గొంతు మళ్లీ వచ్చింది. "కాకా... ఓ కాకా!" అతను అలవాటుగా దాటేశాడు. అంతలో వెనక నుంచి, ఈసారి బొంగురుగా, మూడో పిలుపు.

"కాకా, జర ఆగుండ్రి!"

 పారిపోవాలని ఉంది, కానీ చేతులు బ్రేకులు వదల్లేదు. చివరికి సైకిల్ పడేసి కల్వర్టు కిందికి దిగాడు. తుమ్మకంపలో మోపెడ్ ఒకటి తలకిందులై ఉంది. దాని పక్కన, కాలు విరిగి, పెదవులు ఎండిపోయి, కాలేజీ వయసు పిల్ల ఒకతె పడి ఉంది. పేరు శీతల్.

"పగటాల పడ్డ కాకా. ఎన్ని జీపులు పోయినయో! ఎంత ఒర్రినా ఎవ్వలు ఇనలే."

అదే గొంతు. 

"బిడ్డా, ఇంతకుముందు ఎన్నడన్న గీడికి అచ్చినవా?"

"లేదు. మాది నాయ్‌గావ్. గీ తొవ్వల అచ్చుడు గిదే మొదలు."

 నాగనాథ్ పైకెక్కి సైకిల్‌ను రోడ్డుకు అడ్డంగా పెట్టాడు. వచ్చింది ఉమేశ్ జీపే. ఇంజిన్ ఆగగానే కిందినుంచి శీతల్ మళ్లీ పిలిచింది. ఆ గొంతు వినగానే ఉమేశ్ స్టీరింగ్ మీద తల ఆనించాడు. తర్వాత దిగి, ఆమెను ఎత్తుకొచ్చి నాందేడ్ ఆసుపత్రికి చేర్చాడు.

కాలు అతికింది. ఎండాకాలం చివర శీతల్ తండ్రితో కలిసి కర్ఖేలికి వచ్చింది. వాకిట్లో నిలబడి, "కాకా... ఓ కాకా!" అని పిలిచింది. లోపల నాగనాథ్ గోడ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. భీమవ్వే తలుపు తీసి ఆమెకు చాయ్ ఇచ్చింది. చాలాసేపటికి అతను బయటికొచ్చి, పిల్ల తలమీద చెయ్యి పెట్టాడు. 

ఉమేశ్ కిరోసిన్ కలపడం మానేశాడు. కారణం ఎవరికీ చెప్పలేదు.

కల్వర్టు దగ్గర ఆ పిలుపు మళ్లీ రాలేదు. నాగనాథ్‌కు అప్పటినుంచే అసలు భయం పట్టుకుంది. ఈసారి ఎవరన్నా పడితే ముందుగా చెప్పేవాళ్లెవరు? గిర్నీ యజమాని పాత స్కూటర్ ఇస్తానన్నా తీసుకోలేదు.

"దాని మీద పోతె నాకు ఏం ఇనవడది సేట్," అన్నాడు.